నెమరు ఆగిన బర్రె

సర్కిల్ ఇన్‌స్పెక్టర్ శ్రీశైలానికి ఆ మధ్యాహ్నం ఒక కుర్చీ దొరికితే చాలనిపించింది. హంతకుడి సంగతి తర్వాత చూసుకోవచ్చు. జాతర బందోబస్తు ముగించుకొని ఇంటికెళ్ళి బూట్లు విప్పాడో లేదో, గుమ్మడిగూడెంలో పరశురాం అనే రైతు తన పశువుల కొట్టంలోనే తల పగిలి పడున్నాడని ఫోను వచ్చింది. విప్పిన బూట్లే మళ్ళీ తొడుక్కొని బయల్దేరాడు. తెల్లారినప్పటినుంచీ నిలబడే ఉన్నాడు. కళ్ళు మండుతున్నాయి, నడుము నొప్పి పిరుదులదాకా దిగింది. అది చాలదన్నట్టు ఎదురుగా ఉన్న మనిషి చెప్పిందే మళ్ళీ చెబుతున్నాడు.

ఆ మనిషి రామచంద్రయ్య, పోయిన పరశురాంకు సొంత అన్న. వేరుపడ్డాక అన్నదమ్ముల ఇళ్ళకు మధ్య ఒక మట్టిగోడ లేచింది. తెల్లవారుజామున మోటరు వేద్దామని లేచానని, గోడ మీదుగా చూస్తే తమ్ముడు కొట్టంలో బర్రెకు గడ్డి వేస్తూ కనిపించాడని అతను అంటున్నాడు. ఆ తర్వాత కాసేపటికే జీతగాడు ఎల్లయ్య కొట్టంలోకి పోయాడట. ఏదో అరుపు వినబడి పరుగెత్తుకొస్తే, తమ్ముడి తల ఒళ్ళో పెట్టుకొని, చేతులనిండా నెత్తురుతో ఎల్లయ్య కూర్చొని ఉన్నాడట. పరశురాం భార్య తల్లిగారింటికి పోయి ఉంది, ఇంట్లో ఇంకెవరూ లేరు.

శ్రీశైలం అడిగిందే అడిగాడు. తమ్ముడు నిలబడి ఉన్నాడా, వంగి ఉన్నాడా? ఒంటిమీద చొక్కా ఉందా? వీటికి రామచంద్రయ్య నీళ్ళు నమిలాడు. బర్రె విషయానికొచ్చేసరికి మాత్రం గొంతు పెరిగింది.

"మా తమ్ముడు ఎండుగడ్డి యేస్తాండు సార్. బర్రె తలకాయ ఊపుకుంట మేస్తాంది. కండ్లార చూసిన."

"బర్రె మంచిగనే ఉన్నదా?"

"బేషుగ్గ ఉన్నది. నేను లేచేసరికి నెమరేసుకుంట పండుకున్నది. గడ్డి యెయ్యంగనే లేచింది."

మసక చీకట్లో తమ్ముడి ఒంటిమీద చొక్కా కనిపించలేదు గాని, బర్రె దవడలు ఆడటం కనిపించిందన్నమాట. శ్రీశైలం ఆ మాట పైకి అనలేదు. అనే ఓపిక కూడా లేదు. రామచంద్రయ్యను పంచాయతీ ఆఫీసు దగ్గర కూర్చోబెట్టమని కానిస్టేబుల్‌కు చెప్పి కొట్టం వైపు నడిచాడు.

దారిలో జీపు ఉంది. అందులో ఎల్లయ్య, చేతికి బేడీతో. అరవై దాటిన మనిషి. జీపు బయట అతని భార్య బిక్షమ్మ దాని కిటికీ ఇనుప కడ్డీ పట్టుకొని నిలబడి ఉంది. ఎల్లయ్య చెప్పింది పొద్దుటినుంచీ మారలేదు. నిన్న పొద్దున్నే హుజూర్‌నగర్‌లో ఉన్న కూతురింటికి పోయాడు, మనవరాలిని తొట్టెలలో వేసే పండుగ. దీపాలు పెట్టాక కూడా అక్కడే ఉన్నాడు, బంధువులందరితో బంతిలో కూర్చొని తిన్నాడు. రాత్రి బస్సెక్కి నల్లగొండ బస్టాండులో కునుకు తీసి, పొద్దున మొదటి బస్సుకు రామన్నపేట వచ్చి, అక్కడినుంచి నడిచాడు. కొట్టంలోకి పోతే దొర పడి ఉన్నాడు. తల ఎత్తి చూశాడు. అంతే, అదే అతని నేరం.

సాయంత్రం పూట హుజూర్‌నగర్‌లో ఊరంతా సాక్ష్యం. తెల్లవారుజాముకు మాత్రం అతనికి దిక్కు లేదు. బస్టాండులో ముసుగు తన్ని పడుకున్న ముసలాయన్ని ఎవరు గుర్తుపెట్టుకుంటారు?

"దవాఖాన డాక్టరు కూడ తెల్లారుగట్ల పోయిండనే చెప్పిండు సార్," అన్నాడు వెనకనుంచి నవీన్‌కుమార్. జిల్లా నుంచి వచ్చిన ప్రత్యేక బృందానికి ఇతను పెద్ద, కేసు ఇప్పుడు ఇతని చేతిలోనే ఉంది. ర్యాంకులో ఇద్దరూ సమానమే, వయసులో పన్నెండేళ్ళు చిన్న. అతని యూనిఫాం మడత ఇంకా నలగలేదు, అది చూస్తేనే శ్రీశైలానికి ఒళ్ళు మండింది. "పొద్దుగాల ఆయన చూసేసరికి శవం పూర్తిగ బిగుసుకపోలే. ఇంకా ఒంట్లె వేడి ఉన్నది. అన్న చెప్పిందీ, డాక్టరు చెప్పిందీ ఒక్కటే మాట. మొన్న పదిమంది ముందల పరశురాం ఈయన చెంప పగలగొట్టిండు. ఇంకేం కావాలె? సాయంత్రంలోపల మెజిస్ట్రేట్ ముందల పెడ్త."

"జర ఆగు."

"దేనికోసం ఆగాలె?"

దేనికోసమో శ్రీశైలానికి కూడా తెలీదు. ఒక్కటి మాత్రం తెలుసు. ఎల్లయ్య ఒకసారి లోపలికి పోయాడంటే అతనికి వకీలును పెట్టేవాడు గాని, జామీను ఇచ్చేవాడు గాని ఈ ఊళ్ళో లేడు. విచారణ మొదలయ్యేలోపు ఆ ముసలి ప్రాణం జైల్లోనే పోవచ్చు. ఇలాంటివి రెండు చూశాడు, మూడోది చూసే శక్తి తనకు లేదు.

కొట్టంలో నెత్తుటి మరక మీద సున్నం గీత గీసి ఉంది. దానికి నాలుగడుగుల దూరంలో బర్రె చచ్చిపడి ఉంది. పొద్దున పోలీసులొచ్చేసరికి అది బతికే ఉందట, మెడ డొక్కవైపు తిప్పుకొని మూలుగుతోందట. మనిషి శవం చుట్టూ మూగినవాళ్ళలో ఎవరికీ దాని మొహం చూసే తీరిక లేకపోయింది. పది దాటకముందే పోయింది. మెడలో తెగిన తాడు వేలాడుతోంది. మూలనున్న నూకల బస్తా చిరిగి ఉంది, దాంట్లో పిడికెడు కూడా మిగల్లేదు. అందరూ దాన్ని తొక్కుకుంటూ తిరిగారు.

పశువుల డాక్టరు మెర్సీని పిలిపించింది శ్రీశైలమే. విషం పెట్టారేమో చూద్దామని. రామన్నపేట చుట్టుపక్కల ఊళ్ళన్నిటికీ ఆమె ఒక్కతే డాక్టరు. ఆమె మొహంలోనూ నిద్ర లేదు, ఎక్కడో ఆవు ఈనలేక రాత్రంతా అక్కడే ఉందట. ఆమె రబ్బరు చేతిజోళ్ళు తొడుక్కుంటుంటే నవీన్‌కుమార్ గడప దగ్గర నిలబడి, బర్రెకు కూడా పంచనామా చేస్తారా అని నవ్వాడు. ఇద్దరూ అతన్ని పట్టించుకోలేదు.

ఎడమ డొక్క కోయగానే బుస్సుమని గాలి వచ్చింది. ఆ వెనకే పులిసిన కుడితి వాసన కొట్టంనిండా కమ్ముకుంది. నవీన్‌కుమార్ జేబురుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకున్నాడు. లోపల తెల్లటి జావ, అందులో ఉబ్బిన నూకలు. మెర్సీ అందులో పులుపు తేల్చే కాగితపు చీలిక ముంచి చూసి, విషం కాదు, నూకలే చంపాయి అంది.

శ్రీశైలం అక్కడే బోర్లించి ఉన్న గంప మీద కూర్చున్నాడు. కూర్చున్నాక వినడం తేలికైంది. మెర్సీ కోస్తూనే చెప్పింది. బర్రె మేసేటప్పుడు సరిగా నమలదు, గబగబా మింగేస్తుంది. అదంతా పెద్ద పొట్టలోకి పోతుంది. దాని ముందు చిన్న పొట్ట ఒకటుంటుంది, లోపలి గోడ తేనెపట్టులా గళ్ళుగళ్ళుగా ఉంటుంది. మంచిగున్న బర్రె ఎడమ డొక్క మీద పిడికిలి ఆనిస్తే, నిమిషానికి ఒకసారో రెండుసార్లో లోపలినుంచి ఒక పొంగు వచ్చి చేతిని తోస్తుంది. ఆ కదలిక చిన్న పొట్ట దగ్గర మొదలై పెద్ద పొట్టంతా పారి, మేతను కిందికీ మీదికీ తిప్పేస్తుంది. నలగని గడ్డి తేలుతూ ఉంటే దాన్నే ముద్ద ముద్దగా నోటికి పంపుతుంది, అదే నెమరు. బాగా నలిగిందే ముందుకు పోతుంది, పుస్తకం పేజీల్లాంటి మూడో పొట్టలోకి, అక్కడినుంచి మన కడుపులాంటి నాలుగో పొట్టలోకి. ఎండుగడ్డయితే పెద్ద పొట్టలోనే ఒక రోజుకు పైగా తిరుగుతుంది.

"మరి నూకలు తింటే?"

ఒక్కసారి అంత తింటే గడ్డి అరిగినట్టు అరగవని, పులుస్తాయని ఆమె చెప్పింది. పులుపు పెరిగేకొద్దీ మేతను అరగదీసే సూక్ష్మజీవులు చస్తాయి. ఒంట్లో నీరంతా పొట్టలోకి గుంజుకుంటుంది. పొట్ట కదలడం ఆగిపోతుంది, బర్రె తూలి కూలబడుతుంది.

"గంటలో అయ్యే పని కాదు సార్. పొద్దున కూలబడి మూలుగుతాంది అంటే, నూకలు నిన్న మాపటికే తిన్నట్టు. దీపాలు పెట్టే యాళ్ళకు."

శ్రీశైలం నడుము నిటారుగా చేశాడు. "తెల్లారుగట్ల గడ్డి తిన్నదంటాండు వాళ్ళ అన్న."

మెర్సీ చెయ్యి మోచేతిదాకా లోపలికి పెట్టి, పొరలు పొరలుగా తీసి గోనెపట్టా మీద పరిచింది. పైన అంతా నూకల జావ. ఎండుగడ్డి అంతా దానికి అడుగున ఉంది, నానిపోయి, నల్లబడి. అది నిన్న మధ్యాహ్నం మేత. ఆగిపోయిన పొట్ట దేన్నీ తిప్పదు, పొద్దున ఒక్క పరక తిన్నా అది పైన పొడిగా, వేసింది వేసినట్టు ఉండాలి. ఒక్క పరక కూడా లేదు. అయినా ఆ స్థితిలో ఉన్న గొడ్డు గడ్డి వైపు తల కూడా తిప్పదని, నెమరు మాట దేవుడెరుగని ఆమె చెప్పింది.

శ్రీశైలం లేచాడు. మోకాళ్ళు కటకటమన్నాయి. నవీన్‌కుమార్‌ను పక్కకు పిలిచి నెమ్మదిగా చెప్పాడు. అన్న అబద్ధం చెబుతున్నాడు. నిన్న మాపటికి బర్రె తాడు తెంపుకొని నూకల మీద పడింది. కాళ్ళ మీద నిలబడగల రైతు ఎవడూ పాడిబర్రెను బస్తా నూకలు తిననివ్వడు, ప్రాణం పోతున్నా లేచి కట్టేస్తాడు. అంటే పరశురాం నిన్న మాపటికే పడిపోయాడు. అప్పుడు ఎల్లయ్య హుజూర్‌నగర్‌లో బంతిలో కూర్చొని ఉన్నాడు.

నవీన్‌కుమార్ మొత్తం విన్నాడు. తెలివితక్కువవాడు కాదు, అదే చిక్కు.

"మాపటికి సచ్చిన మనిషి పొద్దుగాల వెచ్చగ ఎట్లుంటడు సార్? మనిషి డాక్టరు తెల్లారుగట్ల అంటుండు, మీ బర్రె డాక్టరు మాపటికి అంటుంది. నేను ఏ కాయితం పట్టుకపోవాలె?"

"రెండూ కలిసేదాక ఆపు."

"కలవకుంటే?" అతను వాచీ చూసుకున్నాడు. "పరశురాం మాపటికి తాగి పండుకున్నడు, బర్రె ఇడిపించుకున్నది. తెల్లారి లేచిండు, ఎల్లయ్య కొట్టిండు. అన్న గడ్డి గిడ్డి అని నాలుగు మాటలు కలిపిండు. పల్లెటూరోళ్ళు కలపరా? గింత దానికి నేను ముద్దాయిని వదలాల్నా?"

చావు వేళ దగ్గర శ్రీశైలం వాదన నిలవడం లేదు, ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. జీపు స్టార్టయింది. బిక్షమ్మ కడ్డీ వదల్లేదు. కానిస్టేబుల్ ఆమె వేళ్ళను ఒక్కొక్కటిగా విడిపించాల్సి వచ్చింది. జీపు మలుపు తిరిగేదాకా ఆమె వెంట పరుగెత్తింది, తర్వాత దారి మధ్యలోనే కూలబడింది. శ్రీశైలానికి తన మీద తనకే రోత పుట్టింది. ఇరవై ఆరేళ్ళ ఉద్యోగం చేసి ఒక ముసలాయన్ని సాయంత్రందాకా ఆపలేకపోయాడు.

"సార్, జర ఇటు రాండి," అంది మెర్సీ.

బర్రె నోరు తెరిచి పట్టుకొని ఉంది. దవడకూ పళ్ళకూ మధ్య పచ్చటి ముద్ద ఒకటి ఇరుక్కుని ఉంది. అలాంటిదే ఇంకొంచెం, గొంతు గొట్టం వచ్చి కలిసేచోట, తేనెపట్టు పొట్ట వాకిట్లోనే దొరికిందట. పొట్ట కదలడం లేదు గనక పడినచోటే ఉండిపోయింది, నూకల్లో కలవలేదు.

"గడ్డి తినలేదంటివి గద?"

"తినలే. ఇది తిన్నది కాదు, పెట్టింది." ఆమె ముద్దను వేళ్ళతో విప్పింది. పీచు మెత్తగా, పొట్టిగా నలిగి ఉంది. "చూడుండ్రి, ఇది ఒకసారి పొట్టలకు పోయి నోట్లెకు వచ్చి రెండోసారి నమిలింది. నమిలిన బర్రె ఇది కాదు, వేరేది."

శ్రీశైలానికి వెంటనే అందలేదు. ఆమె విడమరిచి చెప్పింది. నెమరు ఆగిపోయిన గొడ్డుకు, మంచిగున్న గొడ్డు నోట్లోనుంచి నెమరు ముద్ద లాగి పెట్టడం ఊళ్ళలో పాత వైద్యం. వట్టి నమ్మకమేమీ కాదు, ఆ ముద్దతోపాటు బతికున్న సూక్ష్మజీవులు పోయి ఆగిన పొట్టను మళ్ళీ లేపుతాయి. దవాఖానలో తాము గొట్టం వేసి అదే పని చేస్తామంది. అయితే ఇంత పులిసిన పొట్టకు రెండు ముద్దలు ఏం సరిపోతాయి? పెట్టిన మనిషికి ఆ సంగతి తెలిసి ఉండదు.

అంటే, బర్రె కూలబడ్డాక, ఏ నడిరాత్రో, ఎవరో ఈ కొట్టంలోకి వచ్చారు. శవం పక్కనే కూర్చొని బర్రెకు వైద్యం చేశారు. మనిషి గురించి మాత్రం ఎవరికీ చెప్పలేదు.

ముద్ద నేపియర్ గడ్డిది, బోరు నీళ్ళ మీద పెరిగే పచ్చిమేత. పరశురాం కొట్టంలో వరిగడ్డి తప్ప ఇంకేం లేదు, బోరు ఎండి రెండు నెలలైంది. శ్రీశైలం మట్టిగోడ దాకా వెళ్ళి అవతలికి చూశాడు. అన్న దొడ్లో మనిషెత్తు నేపియర్ నిగనిగలాడుతోంది. దాని పక్కన రెండు బర్రెలు పడుకొని, కళ్ళు అరమూసి నమలుతున్నాయి. గోడ ఒకచోట కూలి, మనిషి పట్టేంత సందు ఉంది.

రామచంద్రయ్య భార్య నిర్మలమ్మ వాకిట్లో ఒక్కతే కూర్చొని ఉంది. పోలీసును చూసి లేచింది. అతను అడగకుండానే పీట వేసింది. మంచినీళ్ళు అడిగితే తెచ్చి ఇచ్చింది గాని, ఎడమచేత్తో ఇచ్చింది. ఏమనుకోవద్దని గొణిగింది. కుడిచేతి వేళ్ళకు పసుపు అద్దిన గుడ్డ చుట్టి ఉంది. నిర్మలమ్మలాంటి ఆడమనిషి ఇంటికొచ్చిన అధికారికి ఎడమచేత్తో నీళ్ళివ్వదు, చెయ్యి పనికిరాకపోతే తప్ప.

"ఏ బర్రె కొరికిందమ్మా?"

ఆమె గుడ్డ వైపు చూసుకుంది. అబద్ధం వెతుక్కోలేదు. వెతుక్కునే ఓపిక ఆమెలోనూ అయిపోయినట్టుంది. దొడ్లో ఉన్న పెద్దబర్రె వైపు గడ్డంతో చూపించింది.

కూర్చోమంటే కింద కూర్చొని మెల్లగా చెప్పుకొచ్చింది. పక్కింట్లో చచ్చిన బర్రెను సాకింది తనే. ఈనగానే తల్లి చస్తే, గంజి తాపి, పక్కన పడుకోబెట్టుకొని పెంచింది. పంపకాల్లో అది మరిది వాటాకు పోయింది. అయినా రోజూ గోడ దగ్గరికొచ్చి పిలిచేది. నిన్న మాపటికి తమ బోరు నీళ్ళలో మరిది వంతు దగ్గర అన్నదమ్ములకు మాటా మాటా పెరిగింది. రామచంద్రయ్య పైపుల పానా చేతిలో పట్టుకొని పక్కింటికి పోయాడు. తిరిగొచ్చి తలుపు గడియ పెట్టాడు. తమ్ముడు పోయాడు, నోరు మెదిపితే నిన్నూ చంపుతా అన్నాడు. సీసా ఎత్తి తాగి పడిపోయాడు. రాత్రి బర్రె పళ్ళు నూరుతూ మూలగడం మొదలుపెట్టింది. చెవులు మూసుకుంది, కాళ్ళు ముడుచుకుంది, ఇక తట్టుకోలేకపోయింది. తన బర్రె నోట్లో చెయ్యి పెట్టి నెమరు లాగింది, అది కొరికింది. ఆ ముద్ద పట్టుకొని సందులోనుంచి అవతలికి పోయింది.

శ్రీశైలం అప్పటికే ఫోను తీశాడు. నవీన్‌కుమార్ రెండోసారికి ఎత్తాడు. కోర్టు గేటు దగ్గర ఉన్నామన్నాడు. ఎల్లయ్యను లోపలికి తీసుకుపోవద్దని, రామచంద్రయ్య భార్య తన ముందే ఉందని, మాపటి గొడవ ఆమె నోటితోనే చెప్పిందని శ్రీశైలం చెప్పాడు.

"మల్ల డాక్టరు చెప్పిన టైము?" నవీన్‌కుమార్ గొంతులో ఇప్పుడు ఎకసెక్కం లేదు. "గది కలవాలె సార్. గది కలవకుంటే రేపు ఆమె మాట మార్చినా మనం ఏం జెయ్యలేం. పరశురాం మాపటికి పోతే, ఒళ్ళు వెచ్చగ ఎందుకున్నది?"

ఆ ప్రశ్న నిర్మలమ్మకు వినబడింది. వాకిలి అంత నిశ్శబ్దంగా ఉంది.

"మాపటికి పోలే సార్," అంది ఆమె. "సచ్చిండనే అనుకొని పోయిన నేను. పోయి సూస్తే ఊపిరి ఆడ్తాంది."

శ్రీశైలం ఫోను కిందికి దించాడు, కట్ చేయలేదు.

"వదినే, నీళ్ళు అన్నడు. ఒక్కసారే అన్నడు. లేస్తే మా ఆయన పేరు చెప్తడు గద. నేను మొకం అటు తిప్పుకోని కూసున్న. బర్రె నోరు తెరిచి ముద్ద పెట్టుకుంట కూసున్న. ఎన్కకు సూడలే. తెల్లారుగట్ల ఊపిరి సప్పుడు ఆగింది. ఆగినంక లేచి వచ్చిన."

ఫోనులో నవీన్‌కుమార్ పక్కనున్న వాళ్ళతో, ముసలాయన చేతి బేడీ తియ్యండి అనడం వినబడింది. బండి తిప్పుకొని వస్తున్నానన్నాడు. మాట నీరసంగా ఉంది, గెలిచిన శ్రీశైలం గొంతుకూ దానికీ పెద్ద తేడా లేదు.

నిర్మలమ్మ ఏడవడం లేదు. గుడ్డ చుట్టిన చెయ్యి ఒళ్ళో పెట్టుకొని అతని మొహంలోకే చూస్తోంది. పొద్దుటినుంచీ ఆమెను ఎవరూ ఏమీ అడగలేదు, ఇప్పుడు ఆమే అడిగింది.

"మా ఆయన కొట్టిన దెబ్బకు పోయిండా సార్, నేను నీళ్ళియ్యకనే పోయిండా?"

శ్రీశైలం మహిళా కానిస్టేబుల్‌ను గుమ్మడిగూడెం పంపమని స్టేషనుకు ఫోను చేశాడు.